తువ్వాలు చాటు ముఖం

ఈసారి పత్రికకి మన ఊరి చరిత్ర రాయమని మా సాంఘిక శాస్త్రం సారు చెప్పగానే మా క్లాసులో సగం మంది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని పట్టుకున్నారు. ఆయన 1888లో పుట్టింది మా తిరుత్తణిలోనే కాబట్టి అది న్యాయమే. కొందరు కొండ గురించి, దాని 365 మెట్ల గురించి రాస్తామన్నారు. ఒకడు 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలోకి ఎట్ల పోయిందో రాస్తానన్నాడు. నాకు మిగిలింది మా ఇంట్లో ఉన్న ఒక ఫోటో.

అది మా జేజి పెళ్ళి ఫోటో. 1963లో తీసింది. జేజి పుట్టినప్పుడు మా పల్లె చిత్తూరు జిల్లా, పెళ్ళయ్యేటప్పటికి చెంగల్పట్టు జిల్లా, ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లా. "మూడు జిల్లాలు చూసినా, ఊరు మాత్రం దాటలేదు" అని నవ్వుతా ఉంటుంది. మేనరికం కాబట్టి పుట్టిల్లూ అత్తిల్లూ రెండు వీధుల దూరమే. ఆ ఫోటోలో అందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఎడమ చివర, వరసకి ఒక అడుగు ఎడంగా, ఒక మనిషి తల మీద తువ్వాలు వేసుకొని దాని అంచుని ముక్కు దాకా లాగి పట్టుకొని ఉన్నాడు.

చిన్నప్పుడు నేను "ఎవరు జేజీ ఈయన?" అని అడిగితే "ఎవరో పనోడులే" అనేది. ఆ జవాబుతోనే నేను తొమ్మిదో తరగతి దాకా పెరిగినాను. ఆయన పనోడు కాదు. జేజికి సొంత అన్న. మా నాయనకి మేనమామ, నాకు తాత వరస.

ఆయనకి ఉన్నది కుష్టువ్యాధి. మన పల్లెల్లో ఆ పేరు పలకరు. "పెద్దరోగం" అంటారు. పేరు పలికితే అది ఇంట్లోకి వస్తుందన్నట్టు గొంతు తగ్గించి మరీ అంటారు. నాకు ఇక్కడ ఒక విషయం వింతగా తోస్తుంది. ఆ రోజుల్లో మశూచి వచ్చి ముఖమంతా గుంటలు పడినవాళ్ళు ప్రతి వీధిలో ఉండేవాళ్ళట. వాళ్ళని చూసి ఎవరూ పక్కకి జరగలేదు. "అమ్మవారు పోసింది" అని దండం పెట్టేవాళ్ళు. మనదేశంలో మశూచి చివరి కేసు 1975లో వచ్చింది, 1977లో దేశానికి ఆ జబ్బు పోయిందని ప్రకటించారు. అందువల్ల ఆ ముఖాలు ఇప్పుడు ముసలివాళ్ళలోనే కనిపిస్తాయి. అదీ జబ్బే, ఇదీ జబ్బే. అదీ ముఖం మీదే గుర్తు పెట్టింది, ఇదీ అంతే. కానీ ఒకదాన్ని దేవత పని అన్నారు, ఇంకోదాన్ని పాపం అన్నారు. నిజానికి మశూచి ఇట్టే అంటుకునేది, చంపేది. కుష్టు అంత సులభంగా అంటదు. చాలామంది ఒంట్లో దాన్ని ఎదుర్కొనే శక్తి ముందే ఉంటుంది. మరి భయపడాల్సింది దేనికి, భయపడింది దేనికి?

కుష్టుకి కారణం ఒక సూక్ష్మక్రిమి అని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. ఆ క్రిమికి చల్లటి చోట్లు ఇష్టం. ఒంట్లో చల్లగా ఉండేవి ముక్కు, చెవి తమ్మెలు, కనుబొమ్మల దగ్గర చర్మం, చేతులు, కాళ్ళు. అందుకే మందు లేని రోజుల్లో అది ముందు ముఖాన్నే పట్టేది. కనుబొమ్మలు బయటి కొస నుంచి రాలిపోయేవి. ముక్కు లోపలి పొర, మెత్తటి ఎముక పాడై ముక్కు దూలం కుంగిపోయేది. ముఖంలో నరం దెబ్బతింటే కంటిరెప్ప మూతపడదు. రెప్ప వేయని కన్ను ఎండి, దుమ్ము పడి, పుండై, చివరికి చూపు పోతుంది. మందుతో క్రిమి చచ్చిపోయినా ఇవేవీ తిరిగి రావు. అంటే మనిషి ఆరోగ్యవంతుడే, ముఖం మాత్రం ఇంకా రోగిదే. ఊరు చూసేది ముఖాన్ని.

చట్టం కూడా అట్లనే చూసింది. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్టురోగుల చట్టం తెచ్చింది. అది అమల్లో ఉన్న చోట్ల, బిచ్చమెత్తుకునే రోగిని వారెంటు లేకుండా పట్టుకొని ఆశ్రమానికి పంపవచ్చు. రోగులు తిండి వస్తువులు తయారుచేసి అమ్మకూడదని, ఊరి బావిలో, చెరువులో నీళ్ళు ముట్టకూడదని, అందులో స్నానం చేయకూడదని ఉత్తర్వు వేయవచ్చు. ఇది చదివినప్పుడు నాకు తిరువళ్ళూరు కోనేరు గుర్తొచ్చింది. అక్కడి వీరరాఘవ స్వామిని వైద్య వీరరాఘవుడు అంటారు. ఒంటి మీద పులిపిర్లు, చర్మరోగాలు ఉన్నవాళ్ళు అమావాస్యకి వచ్చి హృత్తాపనాశని కోనేట్లో బెల్లం కలుపుతారు, బెల్లం కరిగినట్టు జబ్బు కరగాలని. మా అమ్మమ్మ నా మెడ మీద పులిపిరికి నాతోనూ బెల్లం వేయించింది. చర్మం బాగుపడాలని జనం నీళ్ళ దగ్గరికి వచ్చే ప్రాంతం ఇది. అదే కాలంలో, చర్మం అందరికంటే ఎక్కువ పాడైనవాడు నీళ్ళ దగ్గరికి రాకూడదని రాసిన చట్టం అది.

మా తాతకి పదిహేనేళ్ళప్పుడు వీపు మీద స్పర్శ లేని మచ్చ వచ్చిందట. ఆయన పుట్టింది 1933లో అంటుంది జేజి, అంటే అది 1948 నాటి మాట. అప్పటికే మన దగ్గర ఈ జబ్బుకి వైద్యం లేకపోలేదు. చెంగల్పట్టు పక్కన తిరుమణిలో 1920ల నుంచి లేడీ వెల్లింగ్డన్ ఆశ్రమం ఉంది. రాబర్ట్ కాక్రేన్ అనే డాక్టరు అక్కడ పనిచేశాడు. చాలాకాలం చాల్మోగ్రా నూనెని సూదితో ఎక్కించడం తప్ప వేరే మందు లేదు. 1940లలో డాప్సోన్ జాతి మందులు వచ్చాయి. అయితే మందు ఉండటం వేరు, మందు దగ్గరికి మనిషి పోవడం వేరు. పోతే జబ్బు ఉందని ఊరికి తెలుస్తుంది. అందుకని మా వాళ్ళు తాతని ఎక్కడికీ పంపలేదు. పశువుల కొట్టం పక్కన గుడిసె వేసి పెట్టినారు. పదిహేనేళ్ళు ఆయన అక్కడే తిన్నాడు, అక్కడే పండుకున్నాడు. జేజి పెళ్ళికి కొత్త పంచె ఇచ్చి, ఫోటో తీసేటప్పుడు ఒక్కసారి పిలిచినారు. ఆ రాత్రే ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయినాడు. పెళ్ళికొచ్చిన బంధువు ఒకాయన ఏదో అన్నాడని జేజి అంటుంది. ఏమన్నాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఇక రాయవేలూరు సంగతి. 1946లో పాల్ బ్రాండ్ అనే ఎముకల డాక్టరు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకి వచ్చాడు. మరుసటేడు కాక్రేన్‌తో కలిసి చెంగల్పట్టు ఆశ్రమం చూసి, ముడుచుకుపోయిన రోగుల వేళ్ళని గమనించాడు. ఎముకల డాక్టర్లు ఇన్ని చేతుల్ని ఎందుకు పట్టించుకోలేదని ఆయనకి అనిపించింది. 1948 నుంచి ఒక మంచి కండరాన్ని ఇంకో వేలికి మళ్ళించే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. చేతులు తెరుచుకున్నాయి. అందరూ సంతోషపడ్డారు.

కానీ ఆపరేషన్ అయి ఊరికి పోయిన ఒక మనిషి కొన్నాళ్ళకి మళ్ళీ వచ్చి, ఈ చేతులు బిచ్చానికి పనికిరావడం లేదని చెప్పాడట. ముడుచుకున్న చేతులకి జనం జాలిపడి కాసులు వేసేవాళ్ళు. మంచి చేతులకి కాసులు పడవు, జబ్బు వచ్చినవాడని పనీ ఇవ్వరు. ఈ సంగతి బ్రాండ్ చాలాచోట్ల చెప్పుకున్నాడు. డాక్టరు తన పని పూర్తయిందనుకున్న చోట ఇంకో పని మిగిలి ఉందని వాళ్ళకి అర్థమైంది. 1951లో నవజీవ నిలయం అని చిన్న చిన్న ఇళ్ళతో ఒక చోటు కట్టి, ఆపరేషన్ అయినవాళ్ళకి వడ్రంగం, చెక్క బొమ్మలు చేయడం నేర్పించారు. 1955లో వేలూరుకి కొద్దిదూరంలో కరిగిరిలో షెఫలిన్ కుష్టు పరిశోధన ఆసుపత్రి వచ్చింది. అదే ఏడు తిరుమణి ఆశ్రమం కేంద్ర ప్రభుత్వ బోధన, పరిశోధన సంస్థ అయింది. మా ఊరికి దక్షిణాన ఒకటి, పడమర ఒకటి. అయినా మా తాత ఆ రెంటికీ పోకుండా కొండ మెట్ల దగ్గరికి పోయినాడు.

ఇది జేజి నాకు చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1964 ఆడికృత్తిక. కావళ్ళు, డప్పులు, పసుపు బట్టలు, మెట్ల నిండా జనం. జేజి చంకలో మా పెద్దత్త, నెలల పిల్ల. వెనక అత్తగారు, ఆడబిడ్డలు. మెట్ల పక్కన వరసగా కూర్చున్న బిచ్చగాళ్ళలో ఒకాయన తువ్వాలు తల మీద కప్పుకొని ఉన్నాడు. తువ్వాలు పట్టుకున్న చెయ్యి చూసి ఆమె గుర్తుపట్టింది. ఆయన కూడా గుర్తుపట్టినాడు, తల దించుకున్నాడు. జేజి నడుముకున్న చిక్కంలోంచి పావలా తీసి అందరికీ వేసినట్టే ఆయన ముందర వేసి పైకి ఎక్కిపోయింది. "వెనక అత్త ఉండాది. ఏం చేసేది?" అన్నది నాతో. అరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమె చెయ్యి కొంగుని మడతలు పెడతానే ఉండింది.

తర్వాత ఆయన్ని ఎవరో వేలూరు పక్క ఆసుపత్రికి తీసుకుపోయినారు. దాన్ని జేజి "కొండ కింద ఆసుపత్రి" అంటుంది. రెండేళ్ళకి పైగా అక్కడే ఉన్నాడు. అక్కడ ముఖానికి ఏం చేసేవాళ్ళో తెలుసుకోవాలని నేను చదువుతా పోతే, ముక్కు కథ చాలా పాతదని తెలిసింది.

మనదేశంలో ముక్కు కోయడం పాత శిక్ష. కాబట్టి ముక్కు కట్టే విద్య కూడా పాతదే. చెంప చర్మంతో ముక్కు చేయడం, దానికి ఆకుతో కొలత తీసుకోవడం సుశ్రుత సంహితలో ఉంది. 1792 నాటి మైసూరు యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలిన కావాస్‌జీ అనే మనిషిని టిప్పు సైనికులు పట్టుకొని ముక్కు, ఒక చెయ్యి కోసేశారు. తర్వాత పూనా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు మైనంతో ముక్కు అచ్చు చేసి, దాన్ని నుదుటి మీద పరిచి గీత గీసి, ఆ మేరకి చర్మం దించి కొత్త ముక్కు కట్టాడు. చూసినవాళ్ళు రాసి పంపితే 1794 అక్టోబరులో లండన్‌లో జెంటిల్మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయింది. అది తెలుసుకొని కార్ప్యూ అనే డాక్టరు 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. ఆ ఎద్దుల తోలరి పేరు నిలిచింది, ముక్కు కట్టినాయన పేరు ఎవరూ రాసుకోలేదు. నాకు అది అన్యాయంగా కనిపిస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు చెదిరిన సైనికులకి హెరాల్డ్ గిలీస్ అనే డాక్టరు ఇంగ్లండులో సిడ్‌కప్ అనే ఊళ్ళో 1917 నుంచి వైద్యం చేశాడు. ఆ ఊళ్ళో ఆసుపత్రికి పోయే దారిలో కొన్ని బెంచీలకి నీలం రంగు వేశారట. నీలం బెంచీ మీద ముఖం దెబ్బతిన్న సైనికుడు కూర్చొని ఉండవచ్చు, చూసి ఉలిక్కిపడకండి అని ఊరివాళ్ళకి ముందుగా చెప్పడానికి. ఆ బెంచీలు మంచికి వేశారా చెడుకి వేశారా అని మా క్లాసులో వాదన జరిగింది. పాపం జనం భయపడకుండా వేశారని కొందరన్నారు. మా ఊళ్ళో టీ అంగట్లో మా తాతకి విడిగా పెట్టిన కొబ్బరి చిప్ప నాకు గుర్తొచ్చింది. యుద్ధంలో గెలిచి వచ్చినవాడికే వేరే బెంచీ అయితే మా తాతకి చిప్ప పెట్టారంటే ఆశ్చర్యమేముంది?

గిలీస్ ఇంకో పద్ధతి కూడా కనిపెట్టాడు. లోపలి పొర ముడుచుకుపోయి కుంగిన ముక్కుని బయట కోయకుండా పైపెదవి కింద నుంచి విడదీసి, లోపల కొత్త చర్మం అతికించి నిలబెట్టడం. కుష్టు ముక్కుకి సరిగ్గా కావలసింది అదే. బొంబాయి, పూనాల్లో అంతియా గారు, వేలూరులో బ్రాండ్ బృందం ఇట్లాంటి పని చేశారు. పూనా నుంచి లండన్‌కి పోయిన ముక్కు విద్య ఒకటిన్నర శతాబ్దం తర్వాత ఇంకో రూపంలో మళ్ళీ మన దగ్గరికి వచ్చింది.

కంటికి చేసింది ఇంకా విచిత్రం. నమలడానికి పనిచేసే కణత కండరంలోంచి ఒక పోగు తీసి రెప్పలకి కలుపుతారు. అప్పుడు పళ్ళు బిగిస్తే కన్ను మూతపడుతుంది. రోగి నిమిషానికోసారి పళ్ళు బిగించడం అలవాటు చేసుకోవాలి. అన్నం తినేటప్పుడు ప్రతి ముద్దకీ కన్ను దానంతటదే కొట్టుకుంటుంది. బ్రాండ్ భార్య మార్గరెట్ కంటి డాక్టరు, వేలూరులో ఎంతోమంది కుష్టురోగుల చూపు కాపాడింది. కనుబొమ్మకి తల వెనక నుంచి వెంట్రుకలున్న చర్మాన్ని తెచ్చి అతికించేవాళ్ళు. అది తల వెంట్రుక కాబట్టి తలమీద పెరిగినట్టే పెరుగుతుంది, కత్తిరించుకోవాలి. కొందరు రోగులు కత్తిరించకుండా కంటి మీదికి పడేదాకా పెంచుకునేవాళ్ళని చదివినాను. ఎన్నో ఏళ్ళు లేనిది వచ్చింది కదా!

మా తాత 1967లో ఊరికి వచ్చినాడు. ముక్కు నిలబడింది, కనుబొమ్మలు ఒత్తుగా ఉన్నాయి, వేళ్ళు కొంచెం తెరుచుకున్నాయి. ఒంట్లో జబ్బు లేదని కాగితం తెచ్చినాడు. ఆ కాగితం ఊళ్ళో ఎవరూ చదవలేదు. చదవడం వచ్చినవాళ్ళు చేత్తో పట్టుకోలేదు. మళ్ళీ కొట్టం పక్క గుడిసే, మళ్ళీ టీ అంగట్లో చిప్ప.

అప్పుడు వచ్చినాడు ఒక సారు. ఆసుపత్రి సోషల్ వర్కరు. అరవ యాసతో తెలుగు మాట్లాడేవాడట. అరక్కోణం దాకా రైల్లో వచ్చి అక్కడి నుంచి బస్సు, బస్సు దిగి బాడుగ సైకిలు. ఆయన మొదటిసారి ఇంటికి రాలేదు, నేరుగా టీ అంగటికి పోయి కూర్చున్నాడు. మా తాతని పిలిపించి పక్కన కూర్చోబెట్టుకొని రెండు టీలు చెప్పినాడు. అంగడాయన ఒక గ్లాసు, ఒక చిప్ప తెచ్చినాడు. సారు ఆ చిప్ప తాను తీసుకొని గ్లాసు తాతకి ఇచ్చినాడు. ఏమీ మాట్లాడలేదు, తాగి డబ్బులిచ్చి పోయినాడు. రెండో నెల అట్లనే. మూడో నెల అంగడాయన రెండు గ్లాసులు తెచ్చినాడు. ఈ కథ మా ఊళ్ళో ఇప్పటికీ ఇద్దరు ముసలివాళ్ళకి తెలుసు, చిప్ప ఎవరి దగ్గరికి ఎట్ల పోయిందో ఇద్దరూ ఒకే మాదిరి చెప్పినారు.

తాత ఆసుపత్రిలో వడ్రంగం నేర్చుకున్నాడు. పీటలు చేసి అమ్ముదామంటే ఎవరూ కొనలేదు. మొదటి పీట సారే కొని, సైకిలు వెనక కట్టుకొని ఊరి మధ్యలోంచి అందరూ చూసేటట్టు పోయినాడు. రెండో పీట కొన్నది మా జేజి. అత్తగారు ఏమన్నా అననీ అనుకొని, పట్టపగలు డబ్బులిచ్చి కొని తెచ్చింది. ఆ పీట ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మెట్ల దగ్గర వేసిన పావలా గురించి ఆయన గానీ ఆమె గానీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆయన 1989లో పోయినాడు.

మా ఊరికి వచ్చిన సారు లాంటి ఉద్యోగులు చాలా చోట్ల తిరిగేవాళ్ళు. కరిగిరి ఆసుపత్రివాళ్ళు 1960లలో గుడియాత్తం తాలూకాలో పల్లె పల్లెకీ పోయి మచ్చలు చూసి మందిచ్చేవాళ్ళు. మా అమ్మమ్మ వాళ్ళ తిరువళ్ళూరు పక్క పల్లెల్లో 1968లో పెద్ద బీసీజీ టీకా పరీక్ష మొదలైంది. లక్షల మందితో జరిగిన ఆ పరీక్ష క్షయకి ఆశించిన ఫలితం ఇవ్వలేదు కానీ కుష్టు మీద టీకా ఏమైనా పనిచేస్తుందా అని కూడా ఆ పల్లెల్లోనే చూశారు, కొంత రక్షణ కనిపించింది. అమ్మమ్మ భుజం మీద గుండ్రటి మచ్చ ఉంది. ప్రపంచమంతా చదివిన పరీక్ష తన భుజం మీద ఉందని నేను చెప్తే ఆమె నమ్మలేదు.

సేవ చేసినవాళ్ళందరూ బయటి నుంచి వచ్చినవాళ్ళు కాదు. టి.ఎన్. జగదీశన్ గారు తమిళుడు, ఇంగ్లీషు పంతులు, తనకే కుష్టు వచ్చింది. దాచుకోకుండా జీవితమంతా కుష్టు నివారణ పనిలోనే గడిపాడు. గాంధీజీ నిర్మాణ కార్యక్రమంలో కుష్టురోగుల సేవ ఒకటి. సేవాగ్రాంలో ఆయన పర్చురే శాస్త్రి అనే రోగికి స్వయంగా పుండ్లు కడిగి మర్దనా చేశాడు. అందుకే జనవరి 30న కుష్టు నివారణ దినం. మన బడిలో ఆ రోజు ప్రతిజ్ఞ చదివిస్తారు. నేను నాలుగేళ్ళు చదివినాను, మా ఇంటి సంగతి తెలియకుండా.

మందు సంగతి చెప్పాలంటే, 1982 నుంచి రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మొదలయ్యాక ఆరు నెలల్లో, సంవత్సరంలో పూర్తిగా నయమవుతోంది. ముందే పోతే ముఖానికి ఏమీ కాదు. చట్టం మాత్రం మందు కంటే చాలా మెల్లగా నడిచింది. ఆ 1898 చట్టాన్ని రద్దు చేసింది 2016లో. భార్యకి గానీ భర్తకి గానీ కుష్టు ఉంటే విడాకులు తీసుకోవచ్చన్న మాట తీసేసింది 2019లో. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కపెట్టిన 21 రకాల్లో కుష్టు నయమైనవాళ్ళు ఉన్నారు, యాసిడ్ దాడికి గురైనవాళ్ళు కూడా ఉన్నారు. ముఖం వల్ల మనిషికి జరిగే నష్టాన్ని చట్టం గుర్తించిందని నేను అనుకుంటున్నాను.

జేజి మనసు విప్పింది ఈ చట్టాలు విని కాదు. 2019లో మా చిన్నాయనకి కూతురు పుట్టింది. పై పెదవి చీలి ఉంది. ఆసుపత్రి వరండాలోనే ఒకామె "గ్రహణం మొర్రి" అన్నది. చిన్నమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కూరలు తరిగిందా, కత్తి పట్టిందా అని విచారణ మొదలైంది. చిన్నమ్మ ఏడుస్తా గోడ వైపు తిరిగి పండుకుంది. పిల్ల ముఖం మీద ఎవరో తువ్వాలు కప్పినారు. ఎండ పడకుండా అన్నారు, వరండాలో ఎండ లేదు.

జేజి లేచి పోయి ఆ తువ్వాలు తీసేసింది. పిల్లని ఎత్తుకొని వరండాలో ఉన్న అందరి ముందరికీ తీసుకుపోయి "నా మనవరాలు, చూడండి" అని ఒక్కొక్కరికీ చూపించింది. నేను పక్కనే ఉన్నాను. నాకప్పుడు ఏమీ అర్థం కాలేదు.

పెదవి చీలడానికీ గ్రహణానికీ సంబంధం లేదు. గర్భం దాల్చిన మొదటి రెండు మూడు నెలల్లో ముఖం భాగాలు రెండు పక్కల నుంచి వచ్చి కలుస్తాయి. కలవకపోతే చీలిక మిగులుతుంది. మా పాపకి అంగిలి కూడా చీలింది కాబట్టి చనుపాలు చీకలేకపోయింది. గ్రామ నర్సు వచ్చి, పిల్లని నిటారుగా పట్టుకొని ఉగ్గుగిన్నెతో కొంచెం కొంచెం పోయడం నేర్పింది. బరువు పెరిగితేనే ఆపరేషన్ అని చెప్పింది. పిల్లలకి పుట్టుకతో వచ్చే ఇట్లాంటి లోపాలని చూడటానికి 2013 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి చూసే డాక్టర్లు దాని కిందే వస్తారు. ఆ నర్సే కాగితాలు రాయించింది, మద్రాసు పోవడానికి తోడు వచ్చింది. నాలుగో నెలలో పెదవి, ఏడాది దాటినాక అంగిలి కుట్టినారు. రూపాయి ఖర్చు కాలేదు. తర్వాత మాట శిక్షణ. "ప" అనబోతే గాలి ముక్కులోంచి పోయేది. ముక్కు దగ్గర చిన్న అద్దం పెట్టి, అద్దం మసకబారకుండా "పాప, పప్పు, పీట" అనమనేవాళ్ళు. ఇంట్లో ఆ పాఠం జేజి వంతు. పాప తాత చేసిన పీట మీదే కూర్చొని "పీట" అనేది.

ఒక రోజు అట్ల చెప్పిస్తా ఉన్నప్పుడే జేజి నన్ను పిలిచి పెళ్ళి ఫోటో తెమ్మన్నది. "ఇది పనోడు కాదురా" అని మొదలుపెట్టింది. ఈ వ్యాసంలో మా ఇంటి సంగతులన్నీ ఆ సాయంత్రం, తర్వాత కొన్ని సాయంత్రాలు విన్నవి. పత్రికలో రాయనా అని అడిగితే, "మెట్ల సంగతి కూడా రాస్తావా?" అన్నది. వద్దంటే రాయనన్నాను. చాలాసేపు ఆలోచించి "రాయి" అన్నది.

ఇనప్పెట్టెలో ఇంకో ఫోటో దొరికింది. 1968లో అరక్కోణం స్టూడియోలో తీసింది. మా తాత ఒక్కడే, కుర్చీలో, తువ్వాలు భుజం మీద మడిచి వేసుకొని. కనుబొమ్మలు కళ్ళ మీదికి వాలి ఉన్నాయి. ఆయన కూడా కత్తిరించుకోలేదన్నమాట. పోయిన నెల దాన్ని పెద్దది చేయించడానికి జేజిని తీసుకొని తిరుత్తణి బజారుకి పోయినాను. స్టూడియో అన్న కంప్యూటర్లో ఫోటో తెరిచి, మరకలు తీసేసి, "అవ్వా, ఈ కనుబొమ్మలు కొంచెం తగ్గించేదా? ముక్కు కూడా కొంచెం సరిచేస్తా, అందంగా ఉంటుంది" అన్నాడు.

జేజి నవ్వు ఆపుకోలేకపోయింది. "వద్దప్పా, వాటికోసం ఆయప్ప రెండేండ్లు ఆసుపత్రిలో పడుండాడు" అన్నది.

ఫోటో ఇప్పుడు మా నడవలో, పెళ్ళి ఫోటో పక్కనే ఉంది.